పాత ఆటలకు క్రొత్త ప్రతులు

1991వ సంవత్సరమున జపాను దేశపు సెగా సంస్థ ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్’ అను వీడియో ఆటను తన మెగా డ్రైవ్ యంత్రముకొరకు వెలువరించినది. టెలివిజనుకు తగిలించుకొని ఆడు ఇట్టి యంత్రములను కన్సోలులందురు. నీలవర్ణముగల ఒక చిన్న జంతువు పచ్చని కొండలమీద గాలివలె పరుగెత్తుట ఆ ఆటలోని విషయము. ఆ కొండలనుండి అక్కడక్కడ జలపాతములు జారుచుండును. ఆనాటి టెలివిజనులో చూచిన పిల్లలకు ఆ నీరు పలుచని వలిపెమువలె కన్పించెను; వెనుకనున్న కొండ నీటిగుండ లీలగా అగపడుచుండెను. అదే ఆటను నేటి పలక టెలివిజనుమీద ఒక్క చుక్కనైనను మార్చక చూపించినచో జలపాతము కన్పించదు. నిలువుగా గీసిన నీలిగీతలు, నడుమ ఖాళీలు, వెదురుచీలికల తడికను నిలబెట్టినట్లు కన్పించును.

ఇందులో మాయ యేమియు లేదు. మెగా డ్రైవ్ యంత్రమునకు ఒక రంగుగుండ మరియొక రంగును చూపు శక్తి లేదు. చిత్రకారులు ఒక ఉపాయము పన్నిరి. ఒక వరుస చుక్కలకు నీటిరంగు పూసి, ప్రక్క వరుసను విడిచిపెట్టిరి. ఆనాడు యంత్రమునుండి టెలివిజనుకు చిత్రమును మోసికొనిపోవు తీగ నాసిరకపుది. అందులో ప్రక్కప్రక్కనున్న రంగులు ఒకదానిలోనొకటి కరగిపోయెడివి. ఆ కరగుటవలననే గీతలు నీరైనవి. తీగలోని లోపము చిత్రకారునికి కుంచె అయ్యెను. నేటి తీగకు ఆ లోపము లేదు. కావున నేటి బొమ్మకు ఆ నీరు లేదు.

చూచుటకు అల్పవిషయమే. కాని పాత ఆటలను క్రొత్త తరమునకు అందింపబూనినవారి చిక్కు సమస్తము ఈ జలపాతమునందు ఇమిడియున్నది. చుక్కలను యథాతథముగ నిలిపినచో చిత్రము చెడును. చిత్రమును నిలుపదలచినచో చుక్కలమీద చేయి వేయవలెను. రెండింటిలో మూలమేది? ప్రాచీన గ్రంథములు చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1829లో సి. పి. బ్రౌన్ వేమన పద్యములను అచ్చొత్తించునాటికి అనేక వ్రాతప్రతులను పండితులచేత పోల్చి చూపింపవలసివచ్చెను. కవి ప్రయోగమేది, వ్రాయసకాని తప్పేది అని తెలిసికొనుట పరిష్కర్తల నిత్యకృత్యము. ఐతే తాళపత్రమును చదువుటకు రెండు కన్నులు చాలును. ఆటను చదువుటకు యంత్రము కావలెను, టెలివిజను కావలెను, చేతిలో మీట కావలెను. ఈ మూటిలో ఏది మారినను పాఠము మారిపోవును.

నింటెండో సంస్థవారి ‘డక్ హంట్’ కథ ఇంకను విచిత్రమైనది. 1984లో జపానున వెలువడిన ఈ ఆటలో తెరమీద బాతులు ఎగురును. ఆడువాడు ఒక ప్లాస్టిక్ తుపాకిని గురిపెట్టి మీట నొక్కవలెను. తుపాకినుండి ఏమియు వెలువడదు. నిజమునకు అది కాల్చు తుపాకి కాదు, చూచు తుపాకి. దాని గొట్టములో వెలుతురును పసికట్టు చిన్న సాధనము కలదు. మీట నొక్కగానే తెర యంతయు ఒక్క లిప్త నల్లబడును; మరు లిప్తలో బాతు ఉన్నచోట మాత్రము తెల్లని చదరము వెలుగును. ఆ వెలుగు తుపాకి కంటబడినచో బాతు పడినట్లు లెక్క. బాతులు రెండున్నచో చదరములు ఒకదాని వెనుక ఒకటిగా వెలుగును. ఏ లిప్తలో వెలుగు కన్పించెనో దానినిబట్టి ఏ బాతుకు దెబ్బ తగిలినదో యంత్రము గ్రహించును. సెకనులో 60వ వంతు చొప్పున నడచు ఈ తతంగము ఆడువాని కంటికి ఒక చిన్న మెరుపుగా మాత్రమే తోచును.

పాత గాజు టెలివిజను తనకు అందిన చిత్రమును అందినది అందినట్లు తెరపై గీసెడిది. నేటి టెలివిజను చిత్రమును పుచ్చుకొని, సవరించి, పెద్దదిచేసి, అటుపిమ్మట చూపును. ఈ జాగు మనుష్యునకు తెలియదు, తుపాకికి తెలియును. రావలసిన లిప్తలో వెలుగు రాదు గనుక ఎంత గురిగా కొట్టినను బాతు ఎగిరిపోవును. 2014 డిసెంబరులో నింటెండోవారు ఈ ఆటను తమ ‘వీ యూ’ యంత్రముపై మరల విడుదల చేసినప్పుడు ఆ పాత విద్యను విడిచిపెట్టి, చేతిలోని రిమోటును తెరవైపు త్రిప్పి గురిచూచునట్లు మార్చిరి. బాతులు అవియే, గురి తప్పినప్పుడు గడ్డిలోనుండి లేచి నవ్వు కుక్కయు అదియే. తుపాకికిని తెరకును ఉండిన ఒప్పందము మాత్రము రద్దయినది.

పాత యంత్రము లేకయే పాత ఆటను ఆడించు సాధనమునకు ఎమ్యులేటరని పేరు. క్రొత్త యంత్రములో నడచు ఈ ప్రోగ్రాము పాత యంత్రముగా నటించును. దీనిని పగటివేషగానితో పోల్చవచ్చును. పగటివేషగాడు జంగమదేవరగా వచ్చినప్పుడు దుస్తులు కుదిరినంతమాత్రమున చాలదు. మాట, నడక, దగ్గు సయితము కుదరవలెను. ఆటకు తాను పాత యింటిలోనే ఉన్నానను నమ్మకము కలుగవలెను. పాత యంత్రము ఒక లెక్క చేయుటకు ఎంతకాలము పట్టెనో ఎమ్యులేటరు కూడ అంతే కాలము పట్టినట్లు నటింపవలెను. వేగముగా చేయగలుగుట ఇచ్చట గుణము కాదు, దోషము. పాత ఆటలను వ్రాసినవారు యంత్రముయొక్క నిదానమును, దాని తడబాటులను లెక్కలోనికి తీసికొని వ్రాసిరి.

వారి పొదుపు కూడ చెప్పుకొనదగినది. 1985లో వచ్చిన ‘సూపర్ మేరియో బ్రదర్స్’ ఆట యావత్తు 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికన్న అనేకరెట్లు పెద్దది. ఆ ఆటలో ఆకాశమున తేలు మేఘమును, నేలమీది పొదయు ఒకే బొమ్మ. తెలుపు వేసినచో మేఘము, పచ్చన వేసినచో పొద. తరగతిలో సుద్దముక్క పొదుపుచేయు ఉపాధ్యాయుడు ఈ చిత్రకారుని మెచ్చుకొనకుండ ఉండలేడు.

1993లో నింటెండోవారే మేరియో ఆటలు నాలుగింటిని క్రొత్తరంగులతో, నిండైన సంగీతముతో ‘సూపర్ మేరియో ఆల్ స్టార్స్’ అను సంపుటముగ తమ తరువాతి యంత్రముపై వెలువరించిరి. బొమ్మలు ఎంతయో బాగుపడినవి. కాని మేరియో ఇటుకను తలతో పగులగొట్టినప్పుడు మూలమున వెంటనే క్రిందికి పడెడివాడు. ఈ సంపుటమున కొంచెము పైకి సాగిపోవును. చూచువారికి తేడా తెలియదు. ఆటను కంఠస్థము చేసినవారి వ్రేళ్లకు మాత్రము తెలిసినది. ఛందస్సు తెలిసినవానికి ఒక్క గురువు లఘువైనను చెవిలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండును గదా!

దేశభేదములవలన వచ్చిన పాఠాంతరములు వేరు. జపాను, అమెరికా దేశముల టెలివిజను సెకనుకు 60 మారులు తెరను నింపెడిది. ఐరోపాలోను, భారతదేశములోను 50 మారులే. ఆటలను ఐరోపాకు పంపునపుడు కంపెనీలు తరచుగా ఈ భేదమును సరిచూడలేదు. అందువలన ఎన్నియో ఆటలు అక్కడ ఆరవవంతు నిదానముగా నడచినవి. కొన్నింటిలో సంగీతము కూడ ఈడిగిలబడినది. 2018 డిసెంబరులో సోనీ సంస్థ తన మొదటి ప్లేస్టేషను యంత్రమునకు గుర్తుగా 20 ఆటలతో ఒక చిన్న పెట్టెను అమ్మినది. అందు 9 ఆటలు ఐరోపా ప్రతులు. పోరాటపు ఆటయైన ‘టెక్కెన్ 3’ కూడ వానిలో ఒకటి. క్షణములో పదవ వంతులో దెబ్బ కాచుకొనవలసిన ఆటను నత్తనడకతో ఇచ్చుట ఏమి మర్యాదయని అమెరికాలోని ఆటగాండ్రు గోల పెట్టిరి. కొలది వారములలోనే ఆ పెట్టె ధర తగ్గింపవలసివచ్చెను. ఆ గోల న్యాయమైనదే. కాని చిన్ననాట ఆ నిదానపు ప్రతినే ఆడి పెరిగిన ఐరోపావాసికి అదియే అసలు ఆట. అతని జ్ఞాపకము తప్పని యెవరనగలరు?

తెలుగు పట్టణములలో 1990 తరువాత పెరిగిన పిల్లల సంగతి ఇంకొక మెట్టు పైది. వారిండ్లకు ‘వీడియో గేము’ అని వచ్చిన పెట్టెలలో పెక్కింటికి మూలము నింటెండోవారు 1983లో జపానున విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రము; ఐతే వచ్చినవి అనుమతిలేని నకళ్లు. ఆటలున్న ప్లాస్టిక్ పెట్టెను వారు క్యాసెట్టనిరి. అది పనిచేయనప్పుడు తీసి, నోటితో ఊది, మరల గ్రుచ్చిరి. క్యాసెట్టుమీద వేలకొలది ఆటలని వ్రాసియుండును, తెరిచినచో ఆ పదియే మరల మరల వచ్చుచుండును. ‘కాంట్రా’, మేరియో ఆటలను ఆ తరము ఆడినది ఇట్టి ప్రతులలోనే. వారికి మూలప్రతియే నకలు. నేడు అసలైన పునర్ముద్రణమును డబ్బిచ్చి కొన్నపుడు వారు దానిని ఆ నకలుతోనే పోల్చి చూతురు.

ఇంతవరకు చెప్పిన చిక్కులన్నియు మూలము చేతనున్నవాని చిక్కులు. మూలమే పోయినవాని బాధ వేరు. జపానుయొక్క కొనామీ సంస్థ 1999లో ‘సైలెంట్ హిల్’ అను భయానక రసప్రధానమైన ఆటను వెలువరించినది. ఆటలోని ఊరంతయు దట్టమైన పొగమంచు క్రమ్మియుండును. నాలుగడుగుల అవతల ఏమున్నదో తెలియదు. ఈ మంచు పుట్టుక కళాకారుని ఊహలో కాదు, యంత్రముయొక్క అశక్తతలో ఉన్నది. దూరమునందలి యిండ్లను, వీధులను ఒకేసారి గీయగల బలము ఆనాటి ప్లేస్టేషనుకు లేదు. గీయలేనిదానిని మంచుతో కప్పిరి. ఆ కప్పుటయే భయమునకు ప్రాణమైనది. 2001లో వచ్చిన రెండవ భాగమున యంత్రము బలమైనదయ్యును మంచును విడువలేదు. అప్పటికే అది ఆ ఊరికి ఊపిరి.

2012లో ఆ ఆట రెండవ, మూడవ భాగములను క్రొత్త యంత్రములకొరకు హిజింక్స్ స్టూడియోస్ అను అమెరికా సంస్థ సిద్ధపరచినది. ఆటను వ్రాసిన మూలమును సోర్సు కోడందురు. అంగడిలో అమ్ముడుపోవు డిస్కు దానినుండి పుట్టిన ఫలము మాత్రమే. తుది విడుదలకు ఉపయోగించిన సోర్సు కోడును కొనామీవారు భద్రపరచియుండలేదు. పనివారి చేతికి వచ్చినది ఆట పూర్తికాకమునుపటి ప్రతి. పదేండ్లక్రిందట ఎవరో కష్టపడి దిద్దిన తప్పులు అందులో దిద్దబడకయే యున్నవి. దిద్దినవారు లేరు, దిద్దిన కాగితమును లేదు. ఆ తప్పులన్నియు మరల కనిపెట్టి మరల దిద్దవలసివచ్చెను. చిత్తుప్రతి పట్టుకొని మహాకావ్యమును అచ్చువేయబూనుటవంటిది ఆ పని.

ఫలితము అందరికిని తెలిసినదే. మంచు పలుచబడినది. మంచు మాటున దాగియుండవలసిన అంచులు, కట్టడము ఆగిపోయిన చోటులు బయటపడినవి. ఒక సరస్సు నీరు కత్తిరించిన గుడ్డవలె మధ్యలో నిలిచిపోయినది. పాడుపడిన ఊరిలోని ఒక పలకమీద పూర్వము ఉన్న పాతకాలపు అక్షరములకు మారుగా, పిల్లల బొమ్మలపుస్తకములలో కన్పించు ‘కామిక్ శాన్స్’ అను అక్షరములు వెలసినవి. భయపడవలసినచోట నవ్వు వచ్చినది. పనిచేసినవారిని ఆటగాండ్రు తిట్టినంత తిట్టిరి గాని, నేరము వారిది కాదు. పది సంవత్సరములనాడు ఒక ప్రతిని బీరువాలో పెట్టి తాళము వేయుటకు ఎవరికిని తోచకపోవుటయే నేరము. ఆనాడు ఆటయనగా ఒక ఋతువులో అమ్ముడుపోయి మరుఋతువునకు మాసిపోవు సరకు. దానిని దాచువాడు వెఱ్ఱివాడు.

2024 అక్టోబరులో పోలండు దేశపు బ్లూబర్ టీమ్ సంస్థ అదే రెండవ భాగమును మొదటినుండి క్రొత్తగా నిర్మించి వెలువరించినది. నేటి యంత్రము ఊరినంతటిని ఒకేసారి గీయగలదు. ఐనను మంచును మరల కురిపించిరి. అశక్తతను కప్పుటకు పుట్టిన మంచును ఇప్పుడు శక్తిని వెచ్చించి సృష్టింపవలసివచ్చెను.

కొన్ని ఆటలకు ప్రతి ఉన్నది, సొంతదారులే హెచ్చుమంది. 1997లో బ్రిటిషు సంస్థ రేర్ నిర్మించిన ‘గోల్డెన్ ఐ’ నింటెండో 64 యంత్రముపై 80 లక్షలకు మించి అమ్ముడుపోయినది. కథానాయకుడు జేమ్స్ బాండు చలనచిత్రముల వారి సొత్తు. యంత్రము నింటెండోవారిది. నిర్మించిన సంస్థను 2002లో మైక్రోసాఫ్టువారు కొనిరి. మధ్యలో ఒకమారు క్రొత్తబొమ్మలతో దాదాపు పూర్తియైన ప్రతి సయితము, ఒప్పందము కుదరక మూలబడినది. అందరికిని అంగీకారమై ఆ ఆట మరల అధికారికముగ వెలువడుటకు 2023 జనవరి వరకు పట్టెను. అన్నదమ్ముల వ్యాజ్యములో చిక్కిన మామిడితోట కాయలు ఎవరును తినకుండ రాలిపోయినట్లు పాతికేండ్లు గడచినవి.

ఇట్టి ఆటలు ఎన్నియున్నవో లెక్క కట్టిన సంస్థ కలదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2010కి పూర్వము ఆ దేశమున వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు ఏ అంగడిలోను క్రొత్తగా కొనుటకు దొరకవు. మిగిలిన 13లో కూడ అన్నియు స్థిరములు కావు. నింటెండోవారు 2006నుండి వీ యంత్రముపై పాత ఆటలను అంతర్జాలము ద్వారా అమ్మిరి; ఆ అంగడిని 2019 జనవరిలో మూసివేసిరి. తరువాతి రెండు యంత్రముల అంగళ్లు 2023 మార్చిలో మూతపడినవి. వారి స్విచ్ యంత్రముపై పాత ఆటలు పెక్కు చందా కట్టినవారికి లభించును. చందా ఆగినచో ఆట ఆగును. సొంతపుస్తకము పోయి అద్దెపుస్తకము వచ్చినట్లయినది.

గ్రంథాలయములు ఈ లోటును తీర్పలేవా? పాత ఆటలను పరిశోధకులు దూరమునుండియే తెరిచి చూచుటకు గ్రంథాలయములకు అనుమతి నొసగవలెనని అమెరికాలో కోరిరి. ఆటల కంపెనీల సంఘము ఎదిరించినది. అట్లు చేసినచో జనులు వినోదమునకే వాడుకొందురని, పునర్విడుదలల వ్యాపారమునకు నష్టమని వాదించినది. 2024 అక్టోబరులో కాపీరైటు కార్యాలయము కోరికను త్రోసిపుచ్చినది. కంపెనీల భయము పూర్తిగా అర్థములేనిది కాదు. కాని ఎన్నడును మరల అచ్చు కానున్నదో కానిదో తెలియని పుస్తకమును చదువుకొనుటకు బీరువా తాళము తీయవలదనుట వింతగా నున్నది. కథ నెట్లు నడిపిరి, నలుబది కిలోబైట్లలో లోకము నెట్లు ఇమిడ్చిరి అని నేర్చుకొనదలచిన విద్యార్థి, విమానమెక్కి ఆ గ్రంథాలయమునకే పోవలెను. లేదా చట్టము కాదన్న ప్రతిని దొంగచాటుగ తెరువవలెను.

ఈ పనిని శ్రద్ధగా చేయువారును లేకపోలేదు. అమెరికాకు చెందిన డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ 2023లో ‘ది మేకింగ్ ఆఫ్ కరాటేకా’ అను సంపుటమును ఇటీవలి కన్సోలులకు వెలువరించినది. జోర్డాన్ మెక్నర్ విద్యార్థిగా నుండి నిర్మించి 1984లో విడుదల చేసిన ‘కరాటేకా’ అందు ప్రధానము. మూలమును మూలముగ ఉంచి, దానిప్రక్కనే క్రొత్తగా తీర్చిన ప్రతిని వేరుగా నుంచిరి. రచయిత చిత్తుప్రతులను, ఉత్తరములను, కదలికలకొరకు తీసిన ఫిలిమును, ఆటకు సంగీతము కూర్చిన తండ్రి మాటలను కాలక్రమమున అమర్చిరి. సవరణ మూలమును మింగివేయలేదు. ఏది పాతదో ఏది క్రొత్తదో చదువరికి స్పష్టముగ తెలియును. టీకాతాత్పర్యములతో అచ్చైన ప్రబంధమునకు అలవాటుపడిన ఉపాధ్యాయులకు ఈ పద్ధతి చప్పున తెలిసిపోవును. ఇట్టి సంపుటములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండుట విచారకరము.

జాగ్రత్తగా దాచినదానికి ఎట్టి గతి పట్టగలదో ‘స్టార్ ఫాక్స్ 2’ చరిత్ర చూపును. 1993లో వచ్చిన మొదటి ‘స్టార్ ఫాక్స్’ నింటెండోవారును, బ్రిటనుయొక్క ఆర్గోనాట్ సంస్థవారును కలిసి చేసిన వ్యోమనౌకల ఆట. రెండవ భాగమును దాదాపు ముగించిన తరువాత, మరింత బలమైన క్రొత్త యంత్రము రానున్నదని, దాని ముందు ఇది వెలవెలబోవునని కంపెనీ దానిని విరమించినది. పనిచేసినవారి కష్టము మూలబడెను. అసంపూర్ణమైన ప్రతులు కొన్ని ఎట్లో బయటికి పొక్కి ఆటగాండ్ర చేతులలో తిరిగినవి. పూర్తి ప్రతి మాత్రము కంపెనీ భోషాణములో భద్రముగ నుండెను. 2017 సెప్టెంబరులో నింటెండోవారు తమ పాత యంత్రమును చిన్నపెట్టెగా చేసి 21 ఆటలతో అమ్మినప్పుడు అందులో ‘స్టార్ ఫాక్స్ 2’ కూడ నుండెను. ఇరువది యేండ్లు దాటిన పిదప ఆ ఆట అప్పుడే మొదటిసారి అచ్చైనది. కాని పెట్టె తెరువగానే అది అందదు. ఆడువాడు ముందుగా మొదటి ‘స్టార్ ఫాక్స్’ తెరిచి, అందు తొలిఘట్టమును గెలువవలెను. అప్పుడు గాని రెండవదాని తలుపు తీయరు.